రోడ్డు పక్కన ఉన్నది ఆ తుమ్మి కాదు

వినాయక చవితి దగ్గర పడితే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తుమ్మి ఫోటోలు మొదలవుతాయి. తెలంగాణలో చాలా ఇళ్లల్లో ఆ రోజు తుమ్మికూర వండాల్సిందే మరి. ఈసారి నాలుగు ఫోటోలు వచ్చాయి. రెండు ఒక మొక్కవి, రెండు ఇంకో మొక్కవి. ఆ మాట అంటే "తుమ్మి తుమ్మే కదా, నీకెందుకంత పట్టింపు" అన్నారు. నాకు పట్టింపే. ఎందుకో చెప్తాను.

మన దగ్గర తుమ్మి పేరుతో ముఖ్యంగా రెండు మొక్కలున్నాయి. ఒకటి లూకాస్ ఆస్పెరా, చిన్న తుమ్మి అనుకుందాం. రెండోది లూకాస్ సెఫలోటిస్, పెద్ద తుమ్మి. రెండూ తులసి కుటుంబమే, రెండింటి కాడా నాలుగు పలకలుగానే ఉంటుంది. పువ్వు చూసి గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే రెండింటికీ తెల్ల పూలే. లూకాస్ అనే పేరు కూడా తెలుపు అనే గ్రీకు మాట నుంచే వచ్చింది. పువ్వుకి పెదవుల్లాంటి రేకులుంటాయి: పై పెదవి నూగుతో టోపీలా వంగి ఉంటుంది, కింది పెదవి వెడల్పుగా జారి ఉంటుంది. పైనుంచి తీసిన ఫోటోలో ఇంతకు మించి ఏమీ తెలియదు. నా ఫోన్లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ కూడా ఇక్కడే తడబడింది.

గుత్తిని తలకిందులు చేసి చూడాలి. పెద్ద తుమ్మి గుత్తి కొమ్మ కొసన బంతిలా ఉంటుంది, ఒక్కోసారి నిమ్మకాయంత. దాని కింద వెడల్పాటి చిట్టి ఆకులు ఒకదాని మీద ఒకటి కప్పుకుని గుత్తి మొత్తాన్ని గిన్నెలా పట్టుకుంటాయి. చిన్న తుమ్మిలో ఆ ఆకులు సూదుల్లా సన్నగా, అంచున వెంట్రుకలతో ఉంటాయి. గిన్నె కనపడదు. గుత్తులు కూడా చిన్నవి, కొసనే కాక కణుపుల దగ్గర కూడా వస్తాయి. ఈ చిన్న తుమ్మిలో ఒక పువ్వు లాగేసి మిగిలిన ఆకుపచ్చ గొట్టాన్ని చూడండి. కొద్దిగా వంపు తిరిగి, నోరు ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. తడిమితే పై సగం గరుకు, కింది సగం నునుపు. ఆస్పెరా అంటే గరుకు అనే అర్థం. ఆకు సంగతి సరేసరి, చిన్నదానికి సన్నం, పెద్దదానికి వెడల్పు.

మా నాయనమ్మకి ఈ లాటిన్ పేర్లేవీ తెలియవు. గుత్తి తిప్పి, "ఇగో బిడ్డా, దీనికి గిన్నె ఉంది చూడు" అని మా చెలకలోనే చూపించింది. కంది సాళ్ల మధ్య అప్పట్లో అడుగడుగునా ఉండేది.

ఇప్పుడు ఆ చెలకలో పెద్ద తుమ్మి లేదు. మూడేళ్లుగా వానాకాలంలో వెళ్లి వెతుకుతున్నాను, ఒక్క మొక్క దొరకలేదు. గడ్డిమందు కొట్టడం మొదలయ్యాకే ఇలా అయిందని నా అనుమానం. ఊళ్లో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: "ఎందుకు లేదు, రోడ్డు పక్కన బోలెడుంది." రోడ్డు పక్కన ఉన్నది చిన్న తుమ్మి! రెండింటికీ ఒకటే పేరు పెట్టుకుని కూర్చున్నాం కాబట్టి ఒకటి పోయినా ఎవరికీ తెలియలేదు. నా బాధంతా అదే. పోయిందని తెలిస్తే కదా ఎవరైనా నాలుగు విత్తనాలు దాచేది.

ఈ పండక్కి కూర కోసం వెళ్లినవాళ్లు వేళ్లతో సహా పీకకండి, చిగుళ్లు గిల్లుకోండి. గిన్నె ఉన్న గుత్తి కనిపిస్తే కింది నుంచి కూడా ఒక ఫోటో తీసి, ఏ ఊరో రాసి ఇక్కడ పెట్టండి. విత్తనాలకి నేనే వస్తాను.