రివర్‌సైడ్‌ను అంత తేలిగ్గా తీసిపారేయకండి

పోలండ్‌లోని వార్సాకు చెందిన రాక్ బ్యాండ్ రివర్‌సైడ్ గురించి మీరు వేసిన వ్యాసంలో, దాని సంగీతం బ్రిటిష్ రాక్ బ్యాండ్ "పింక్ ఫ్లాయిడ్ ఛాయ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 2003లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'ఔట్ ఆఫ్ మైసెల్ఫ్' వరకే విని రాశారేమో అనిపించింది. అందులో ఆ ఛాయ ఉంది, కాదనను. కానీ 2009 నాటి 'ఆనో డొమినీ హై డెఫినిషన్' విన్నారా? ఐదే పాటలు, సుమారు ముప్పావు గంట, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. పేరులోని మొదటి ఇంగ్లిష్ అక్షరాలు కలిపితే ఏ.డి.హెచ్.డి., అంటే మనసు ఒకచోట నిలవని సమస్య పేరు! కుదురు లేని కాలం గురించి పాడుతూ పేరులోనే ఆ చమత్కారం దాచారు. డ్రమ్మర్ కొజెరాద్స్కి అంతకుముందు డెత్ మెటల్ అనే భీకరమైన, వేగవంతమైన రాక్ శైలిలో వాయించినవాడు. ఆ దెబ్బ ఇక్కడ బాగా వినిపిస్తుంది.

2016 ఫిబ్రవరిలో గిటారిస్ట్ పియోతర్ గ్రుజిన్‌స్కి చనిపోయిన సంగతిని ఒక్క వాక్యంతో దాటేయడం ఇంకా బాధనిపించింది. ఆయన తీగ మీద ఒక స్వరాన్ని సాగదీసి వదిలితే చాలు, ఎవరు వాయిస్తున్నారో తెలిసిపోయేది. మిగిలిన ముగ్గురూ వెంటనే మరొకరిని తెచ్చి ఆ ఖాళీ నింపేయలేదు. 2018లో 'వేస్ట్‌ల్యాండ్' ముగ్గురి బ్యాండ్‌గానే చేశారు. గాయకుడు, బేస్ వాయించే మరియుష్ దూదా గిటార్ కూడా చాలావరకు తనే అందుకున్నాడు. అతిథిగా వాయించిన మాచేయ్ మెల్లర్ తర్వాత పూర్తి సభ్యుడయ్యాడు. 2023 నాటి 'ఐడీ.ఎంటిటీ' ఆయనతో కలిసి చేసిందే. నాకైతే అది కాస్త చదునుగా అనిపించింది, అది వేరే సంగతి.

కొత్తగా వినేవాళ్లు 2005 నాటి 'సెకండ్ లైఫ్ సిండ్రోమ్'తో మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి పూట.