కందకి ఉన్న దురద

మా మేనల్లుడు వ్యవసాయ యూనివర్సిటీలో ఉసిరి మీద పరిశోధన చేస్తున్నాడు. అంటే ఏంట్రా చేసేది అని ఒకసారి అడిగితే, "ఒక్కో వరసకి ఒక్కో రకం ఎరువు వేసి, ఏ చెట్టుకి ఎన్ని కాయలొచ్చాయో లెక్కపెట్టడం మామయ్యా" అన్నాడు. "కాయలు లెక్కపెడితే పట్టా ఇస్తారా? మీ అమ్మమ్మ దింపు తీసినప్పుడల్లా కొబ్బరికాయలు లెక్కపెడుతూనే ఉంది, ఆవిడకేమిచ్చారు?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. మంచి పిల్లాడు.

వాడే ఫోన్ చేశాడు. కార్తీకమాసం ఆఖరి ఆదివారం వాళ్ళ యూనివర్సిటీ పొలంలో వనభోజనాలట. తంబోలా, అంత్యాక్షరి, ఆకుల్లో పులిహోర అనుకునేరు, అది కాదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా రావచ్చు, కానీ ముందు పొలం తిరిగి చూడాలి, పురుగుమందులు లేకుండా పంట ఎలా తీస్తారో వినాలి, జీవామృతం అనే ఆవుపేడ ఎరువు కలపడం నేర్చుకోవాలి, అప్పుడు ఆ పొలంలో పండినవి వండుకుని తినాలి. "కంద బచ్చలి బాధ్యత నీది మామయ్యా, మా మేడమ్ గారికి నీ గురించి చెప్పాను" అన్నాడు.

ఏం చెప్పుంటాడో నాకు తెలుసు. నేను చేసేది బ్యాంకు ఉద్యోగం. ఉన్న ఎకరన్నర ఎప్పుడో కౌలుకి ఇచ్చేశాం. కాకపోతే పెరట్లో ఏటా నాలుగు కంద మొక్కలు పెడతాను, ఆ నాలుగు మొక్కల బలం మీద కనిపించిన ప్రతి రైతుకీ వ్యవసాయం గురించి సలహాలిస్తుంటాను, మర్యాదస్తులు కనుక వింటుంటారు. పైగా నాది అల్లాటప్పా కంద కాదు, గజేంద్ర. కొవ్వూరు పరిశోధన స్థానం వాళ్ళు ఏరి తీసిన రకం. నున్నగా, గుండ్రంగా ఉంటుంది, గొంతు దురద పెట్టదు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్న సామెత నా కందని చూశాకే పుట్టుంటుంది" అని నేను మా ఇంటికొచ్చిన చుట్టాలందరి దగ్గరా అనేవాణ్ణి. అనేవాణ్ణి అంటున్నాను, గమనించండి.

ఆదివారం పొద్దున్నే గోనెసంచిలో రెండు గడ్డలు వేసి స్కూటర్ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరాను. సార్వా కోతల రోజులు, సగం రోడ్డు ధాన్యానిది, మిగతా సగంలో మనమూ, ఆర్టీసీ బస్సూ సర్దుకోవాలి. అంతా స్వర్ణే. మా వైపు స్వర్ణ అని కూడా అనరు, డెబ్భై ఇరవైతొమ్మిది అంటారు, ఎం.టి.యు. 7029లో చివరి నాలుగంకెలూ అన్నమాట. మార్టేరులో 1925లో పెట్టిన వరి పరిశోధన కేంద్రం వాళ్ళ విత్తనం. ఆకాశం వైపు చూస్తే మబ్బు లేదు, తుపాను కబురు లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది, కార్తీకంలో అంత ప్రశాంతంగా ఉంటే ఇంకోటేదో కాచుకుని ఉంటుందని.

పొలంలో షామియానా, గాడిపొయ్యి, దాని మీద గుండిగలు, పక్కన వంటమేస్త్రి గారు. ఆయన నా గడ్డల్ని చేత్తో తట్టి చూసి, "వందమందికైతే సరిపోతాయండి" అన్నారు. నేనూ వందమందే అనుకున్నాను. పదిగంటలకి చూస్తే నూటెనభై మంది దాకా ఉన్నారు. కార్తీక ఆదివారం, ఉచిత భోజనం, ఉసిరి చెట్టు నీడ. యూనివర్సిటీ వాళ్ళకి పంట దిగుబడి అంచనా వెయ్యడం వచ్చు గానీ మన జనం రాబడి అంచనా వెయ్యడం రాదు.

"ఇంకో పది కిలోల కంద కావాలండి" అన్నారు మేస్త్రిగారు.

షామియానా ఆ చివర విత్తనాల బల్ల ఉంది. నల్లబియ్యం, ఎర్రబియ్యం, రకరకాల చిక్కుళ్ళు, గుమ్మడి, ఆనప, వాటి పక్కన రెండు కంద కుప్పలు. ఒక కుప్పలో నా ఇంట్లో ఉండేలాంటి నున్నటి గడ్డలు, కానీ అవి రెండే, చిన్నవి. రెండో కుప్పలోవి బొడిపెలతో, చుట్టూ పిల్లదుంపలతో, బాగా బరువుగా ఉన్నాయి. కింద ఒక చీటీ ఉంది. చదవడం మొదలుపెట్టాను, "అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్" అని ఉంది. ఇది రోగం పేరో, ఎరువు పేరో అనుకుని అక్కడితో ఆపేశాను. ఆ బరువు గడ్డలే మేస్త్రిగారి దగ్గరికి మోసుకెళ్ళాను, చేతికి మట్టి అంటితే ఆ చీటీతోనే తుడుచుకున్నాను కూడా. రెండో వాక్యం ఏమిటో తర్వాత మేడమ్ గారు నోటితో చెప్పారు: అడవి రకం, పోల్చి చూడటానికి మాత్రమే, వండరాదు.

మేస్త్రిగారు చేతులకి నూనె రాసుకుని కత్తిపీట ముందు కూర్చుని మొదటి చెక్క కోశారు. రెండో చెక్కకి మోచెయ్యి గోక్కున్నారు. మూడో చెక్కకి ఆగి, "మీ గజేంద్రుడు కరుస్తున్నాడండీ" అన్నారు. చెయ్యి తడిగా ఉండుంటుంది లెండి అన్నాను. "చింతపండు రెట్టింపు వేద్దామండి, ఉడికించిన నీళ్ళు పారబోద్దామండి" అన్నారు. ఇక్కడ నాకు కాస్త రోషం వచ్చింది. "గజేంద్ర కందకి పులుపుతో మందు వెయ్యక్కర్లేదండీ, సగం తగ్గించండి, ఆవ ఘాటు తెలియాలి" అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో వండే మనిషి, పెరట్లో నాలుగు మొక్కలవాడి మాట విని, సగం తగ్గించేశారు. మాట మీరకపోవడం ఎంత ప్రమాదమో చూడండి.

కూర గుండిగలో పడ్డాక మైకులో మేడమ్ గారి గొంతు వినిపించింది. "ఇక్కడ రెండు రకాల కంద పక్కపక్కనే పెట్టాం. గజేంద్రకి పిల్లదుంపలు దాదాపు ఉండవు. అడవి రకానికి ఇలా చుట్టూ... ఏమమ్మా, ఇక్కడ గడ్డలుండాలి, ఏవి?" అని కాసేపు ఆగి, "సరే, ఎవరో పక్కన పెట్టుంటారు" అన్నారు. నేను గరిటె పట్టుకుని గుండిగలోకి చూశాను. నాకు పిల్లదుంపలు గుర్తొచ్చాయి, అవి కూడా వృథా చెయ్యకుండా గీరించి వేయించాను కదా. వెళ్ళి చెప్పాల్సిన సమయం అదే. కానీ నూటెనభై మంది ముందు మైకులో నా తప్పు చెప్పుకోవడమా, ఉడికితే పోతుందిలే అనుకోవడమా అంటే, ఉద్యోగంలో ఇన్నేళ్ళూ రెండోదే అలవాటు.

ఈలోగా అటువైపు జీవామృతం కలుపుతున్నారు. డ్రమ్ములో 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, గుప్పెడు గట్టుమట్టి, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి. 48 గంటలు నీడలో పులిస్తే ఎకరానికి సరిపోతుంది. బెల్లం, పిండి తేవడం మర్చిపోయారట, వంటశాల నుంచి పట్టుకెళ్ళారు. బజ్జీల పిండి అలా నేలతల్లికి వెళ్ళిపోయింది. బెల్లం సంగతి అప్పుడెవరికీ పట్టలేదు.

మొదటి బంతి కూర్చుంది. అసలు చెప్పాల్సింది ఇదే. కూర వడ్డించారు, తిన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. మన గోదావరి మర్యాద సంగతి తెలిసిందే కదా, గొంతు కోసుకుపోతున్నా వడ్డించినవాడి మనసు కోసుకుపోకూడదు. తెల్లపంచె పెద్దాయన ఒకరు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే నా వంక చూసి, "ఆయ్, కంద మహత్తరంగా కుదిరిందండీ, కాస్త మజ్జిగ ఇప్పిస్తారా" అన్నారు. అప్పటికి పప్పు కూడా కలపలేదు ఆయన. పక్కనున్నాయన మెడ పైకెత్తి ఉసిరి కొమ్మల వైపు చూస్తూ మాటిమాటికీ గుటకలు వేస్తున్నాడు, చూసేవాళ్ళకి భక్తిలా ఉంది. ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆవ బాగా పట్టిందండి" అంది. ఇంకొకాయన మారు వడ్డించమన్నాడు. ఎందుకో నాకు ఈరోజుకీ తెలియదు, మర్యాద అంటే అంతవరకూ పోవాలా?

ఆ బంతి చివర కూర్చున్న ఐదేళ్ళ పిల్ల బయటపెట్టింది. "అమ్మా, గొంతులో చీమలున్నాయి!"

అంతే, కట్ట తెగింది. ఆ బంతిలోని గొంతులన్నీ ఒకేసారి దగ్గడం మొదలుపెట్టాయి. మేడమ్ గారు పరుగున వచ్చి కూర చూసి, నన్ను చూసి, రెండూ ఒకదానికొకటి కలుపుకుని, మైకు కూడా లేకుండానే అందరికీ వినపడేలా చెప్పారు: కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుందట, అడవి రకంలో మరీ ఎక్కువట, గొంతులో గుచ్చుకుంటాయట, భయం లేదు, పులుపు తినండి అని. "బెల్లం! బెల్లం పెడితే తగ్గుతుంది!" అని ఒక ముసలమ్మ గారు అరిచారు. నలుగురు కుర్రాళ్ళు వంటశాలలోకి పరిగెత్తి ఖాళీ చేతులతో వచ్చారు. అందరం డ్రమ్ము వైపు చూశాం. డ్రమ్ము మూత మీద గోనెపట్టా కప్పి, చాలా శాంతంగా పులుస్తోంది.

చింతపండు? నేను సగం తగ్గించమన్నాను కదా, అది నిజమే, కానీ మిగిలిన సగం అప్పటికే దప్పళంలో ఉడికిపోయింది. మజ్జిగ కుండ రెండు నిమిషాల్లో బోర్లాపడింది. అప్పుడు ఎవరు మొదలుపెట్టారో చెప్పను (మా ఆవిడకి తెలుసు), ఎవరో ఒకరు చెయ్యి పైకెత్తి ఉసిరికాయ కోసి నోట్లో వేసుకున్నారు. తగ్గింది. మేం కూర్చున్న పెద్ద చెట్టుకి కాయలు అందేంత కింద లేవు. పక్క వరసలో చిన్న చెట్లున్నాయి, చేతికందే ఎత్తులో, గుత్తులు గుత్తులుగా. ఒక్కో చెట్టుకి ఒక్కో రేకు ముక్క కూడా వేలాడుతోంది, దాని మీద ఏదో రాసుంది. ఆపాటికి చదివే ఓపిక ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

పది నిమిషాల్లో ఆ చెట్లు ఆకులతో మాత్రం మిగిలాయి.

మా మేనల్లుడు అప్పటిదాకా రెండో బ్యాచ్‌కి పొలం చూపిస్తూ అవతలి గట్టు మీద ఉన్నాడు. వచ్చి, జనాన్ని చూసి, చెట్లని చూసి, నోట మాట రాక అలా నిలబడ్డాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, షామియానా కిందకొచ్చి, వణుకుతున్న గొంతుతో అందరికీ దణ్ణం పెట్టి అన్నాడు: "అండీ, దయచేసి గింజలు పారేయకండి. ఆకులోనే పెట్టండి. ఏ చెట్టువో గుర్తుంటే చెప్పండి."

కాయకో గింజ కదా. బరువు పోయింది, లెక్కయినా దక్కుతుందని వాడి ఆశ. మళ్ళీ గోదావరి మర్యాద వచ్చేసింది, అందరూ గొంతులు సవరించుకుంటూ బుద్ధిగా గింజలు విస్తరాకు అంచున వరసగా పేర్చారు. తెల్లపంచె పెద్దాయన తనవి తొమ్మిదని, అందులో ఏడు ఆ మూల చెట్టువని, రెండు మాత్రం ఒట్టేసి చెప్పలేనని అన్నారు. వాడు రాసుకున్నాడు. ఆకు తర్వాత ఆకు దాటుకుంటూ నా దగ్గరకొచ్చాడు.

"నువ్వెన్ని మామయ్యా?"

"పదకొండు. రెండో వరస, నాలుగో చెట్టు."

రాసుకుని, పెన్ను మూత పెట్టకుండా నా చొక్కా జేబు వంకే చూస్తూ నిలబడ్డాడు. దారిలో మళ్ళీ దురద వస్తుందేమోనని దాచుకున్నవి ఆరున్నాయి. తీసి వాడి చేతిలో పెట్టాను. ఆ ఆరూ పట్టుకుని వాడు తరాజు దగ్గరికి పరిగెత్తాడు.