సవరణ: ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌కు డబ్బు ఎక్కడిది?

మానవతా సంస్థల్లో ఉద్యోగాల గురించి పెట్టిన పోస్టులో, "యూఎన్‌హెచ్‌సీఆర్‌కు ఐక్యరాజ్యసమితి బడ్జెట్ ఉంటుంది కాబట్టి అక్కడ ఫండ్ రైజింగ్ పని తక్కువ" అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. వాస్తవం దాదాపు తలకిందులు. సమితి రెగ్యులర్ బడ్జెట్ నుంచి ఈ శరణార్థుల సంస్థకు అందేది మొత్తం ఆదాయంలో సుమారు 1 శాతమే, అదీ పరిపాలన ఖర్చులకు. మిగతాదంతా స్వచ్ఛందంగా ఇచ్చేదే. కంపెనీలు, ఫౌండేషన్లు, మామూలు జనం కూడా ఇస్తారు కానీ సింహభాగం ప్రభుత్వాలది.

అందుకే అక్కడ దాతలతో సంబంధాలు చూసే ఉద్యోగాలు చాలానే ఉంటాయి, తేలికవి మాత్రం కావు. చాలామంది దాతలు ఫలానా దేశానికే, ఫలానా పనికే వాడాలని షరతు పెట్టి ఇస్తారు. టెంట్లు, దుప్పట్లయితే ఫొటో తీసి చూపించొచ్చు. కానీ ఈ సంస్థ చేసే మరో పని శరణార్థుల రక్షణ. అంటే న్యాయ సహాయం, పిల్లల జనన నమోదు, ప్రాణభయం ఉన్నచోటికి మనుషుల్ని బలవంతంగా తిప్పి పంపకుండా చూడటం. జరగకుండా ఆపినదాన్ని ఫొటో ఎలా తీస్తాం? దానికి డబ్బు అడగడమే ఈ ఉద్యోగంలో అసలు టెన్షన్.

రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీని కూడా అదే గాటన కట్టిన పేరా మార్చాను. 1863లో జెనీవాలో పుట్టిన ఆ కమిటీ సమితి సంస్థ కాదు. దాని నియామకాలు వేరుగా జరుగుతాయి.