సాతానుకి ఒక కుర్చీ వేయండి

మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్లకు ముందు సాక్ష్యాల సమయం. మా సంఘ పెద్ద ఒకాయన లేచి, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు. చీటీ డబ్బుల విషయంలో సాతాను నన్ను శోధించాడు, ప్రార్థించండి" అని కళ్లు తుడుచుకున్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. అంతే, లెక్క తేలిపోయింది. బాకీ సాతాను ఖాతాలోకి వెళ్లిపోయింది.

నాకైతే సాతాను మీద జాలేసింది. మా సంఘంలో అంత కష్టపడేవాడు ఇంకొకడు లేడు. క్రిస్మస్‌కీ సెలవు లేదు, మట్టలాదివారానికీ లేదు. 20 మంది గుమ్మాలు తిరిగి నెలనెలా చీటీ వసూలు చేశాడు. ఆ డబ్బుతో బైపాస్ పక్కన 200 గజాలు బేరమాడాడు, గజానికి 500 తగ్గించాడు కూడా. రిజిస్ట్రేషన్ నాడు లైన్లో నిలబడి వేలిముద్రలు వేశాడు. అయినా ఎంత వినయమో! స్థలం తన పేరున కాకుండా పెద్దగారి భార్య పేరున రాయించాడు. ఇంత సేవ చేసినవాడికి కమిటీలో చోటు లేదు సరికదా, పుల్పిట్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ కూడా లేదు. వచ్చే మీటింగులో నేనే అడుగుతాను.

విద్య పాతదే లెండి. "నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అని ఆదాము ఒక్క ముక్కలో పెళ్లాన్నీ దేవుణ్నీ కలిపి ఇరికించాడు. మోషే అన్న అహరోను ఇంకా ఘనుడు. బంగారం పోగుచేసి, పోగరతో దూడ బొమ్మ చెక్కి, తీరా మోషే నిలదీస్తే, అగ్నిలో వేశాను, ఈ దూడ అయింది అన్నాడు. మా పెద్దగారి స్థలం కూడా అలాగే అయి ఉంటుంది.

తన్ను తాను పరీక్షించుకుని రొట్టె తినమన్నాడు పౌలు. 1 కొరింథీ 11:28 మా దగ్గర ప్రతి నెలా చదువుతారు. చదివి, పక్కవాణ్ని పరీక్షిస్తారు. మనిషిని ఈడ్చేది తన స్వకీయమైన దురాశే అనే యాకోబు 1:14 ఉన్న పేజీ మాత్రం ఎవరి బైబిల్లోనూ నలగలేదు.

ఆ ఆదివారం ఆడవాళ్ల వైపు చాప మీద ఒకామె కూర్చుని ఉంది. నాలుగిళ్లలో అంట్లు తోమి, కూతురి పెళ్లికని చీటీ కట్టిన మనిషి. మావాళ్లు ఆమె దగ్గరికెళ్లి, "క్షమించాలమ్మా, వాక్యం ఉంది కదా" అన్నారు. ఎవరికి చెబుతున్నార్రా వాక్యం? సిగ్గుందా? సుంకం వసూలు చేసే జక్కయ్య "ప్రార్థించండి" అనలేదు. సగం ఆస్తి బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు కడతాను అన్నాడు. ఆ మాట తర్వాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. మీరు నాలుగంతలు కట్టొద్దు. ఆమె అసలు ఆమెకివ్వండి. కన్నీళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

ఆ వేళ నేనూ స్తోత్రం అన్నాను. కాస్త గట్టిగానే. చీటీ నేను మూడో నెలలోనే పాడుకున్నాను. పెద్దగారు చేతులెత్తేశాక, ఇంకెవరికి కట్టాలని మిగతా నెలలు మానేశాను.

ఆమె ఇల్లు మా వెనక వీధే.