‘యూపీఐలో పడిన డబ్బు ఎవరూ వెనక్కి లాగలేరు’ అనే మెసేజ్ సంగతి

మా వదిన మంగళగిరి చీరలు ఇంట్లోంచే అమ్ముతుంది. లెక్కలు, కొరియర్ గొడవలు నేను చూస్తాను. అందుకే చీరలు, పచ్చళ్లు, నగలు అమ్ముకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నేనూ ఉన్నాను. ఈ మధ్య వాటిల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది:

‘యూపీఐలో పడిన డబ్బు మనదే, బ్యాంకు కూడా వెనక్కి తీసుకోలేదు. కార్డు మీద కట్టినా ఓటీపీ కొట్టారంటే చార్జ్‌బ్యాక్ (కొన్నవాళ్ల ఫిర్యాదు మీద బ్యాంకు డబ్బు వెనక్కి లాగడం) ఉండదు. నో రిటర్న్, నో రిఫండ్ అని రాసిపెడితే ఏ కోర్టూ ఏమీ చేయలేదు. అన్‌బాక్సింగ్ వీడియో లేనివాళ్లకు అడిగే హక్కే లేదు. ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని వస్తే మన బాధ్యత తీరినట్టే.’

కింద రెండు దండం ఎమోజీలు, ‘సేల్స్ చేసే ప్రతి అక్కకూ పంపండి’ అని. పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ప్రతి ముక్కలోనూ చిటికెడు నిజం ఉంది, దాంతోనే వచ్చింది చిక్కు.

మొదట యూపీఐ. కొన్నావిడ తన ఫోన్లో ఏదో బటన్ నొక్కి మన ఖాతాలోంచి డబ్బు లాక్కోలేదు, అంతవరకు నిజం. కానీ ఫిర్యాదు చేసే దారి మాత్రం ఉంది. వ్యాపారి క్యూఆర్‌కి కట్టిన డబ్బు మీద ‘వస్తువు రాలేదు’, ‘వాపసు ఇచ్చిన సరుకుకు డబ్బు తిరిగి రాలేదు’ అని ఫిర్యాదు పెట్టడానికి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర విడిగా కేటగిరీలే ఉన్నాయి. ఆవిడ బ్యాంకు చార్జ్‌బ్యాక్ వేస్తుంది, మన వైపు బ్యాంకు మనల్ని రుజువులు అడుగుతుంది. 2024 డిసెంబరులో ఎన్‌పీసీఐ దీనికి ఒక హద్దు పెట్టింది: ఒక కస్టమర్ పేరు మీద 30 రోజుల్లో 10 చార్జ్‌బ్యాక్‌లు, ఒకే వ్యక్తికి లేదా సంస్థకు కట్టినవాటి మీదైతే 5. అసలు లేనిదానికి హద్దు ఎవరు పెడతారు? పైగా 2025 జులై 15 నుంచి, ఆ హద్దు దాటి తిరస్కరణకు గురైన ఫిర్యాదు నిజమైనదని బ్యాంకుకు అనిపిస్తే, ఎన్‌పీసీఐ అనుమతి కోసం ఆగకుండా మళ్లీ వేసే వీలు కూడా ఇచ్చారు.

‘మనది పర్సనల్ నంబరు కదా, వ్యాపారి క్యూఆర్ కాదుగా’ అని గ్రూపులో ఒకావిడ అంది. అసలు భయం అక్కడే ఉంది, ఆ మెసేజ్ రాసినవాళ్లకు అది తట్టనే లేదు. ఎక్కడో ఒక పెద్దాయన సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. ఆ డబ్బు ఏ ఏ ఖాతాల్లోకి వెళ్లిందో పోలీసులు, బ్యాంకులు చూసుకుంటూ వస్తారు. ఆ దొంగ అందులోంచి 6 వేలు పెట్టి మన దగ్గర చీర కొని ఉంటే, ఆ దారిలో మన ఖాతా కూడా తగులుతుంది. 6 వేల మీద హోల్డ్ పడుతుంది, ఒక్కోసారి ఖాతా మొత్తం ఆగిపోతుంది. చీర వెళ్లిపోయింది, డబ్బు ముట్టుకోలేం. బ్యాంకుకు వెళితే ఒక ఫిర్యాదు నంబరు, మనం పేరు కూడా వినని ఊరి పోలీస్ స్టేషన్ వివరాలు చేతిలో పెడతారు. బిల్లు, కొరియర్ రసీదు, చాట్ పట్టుకుని మనం నిజంగా సరుకు అమ్మామని వాళ్లకు చూపించుకోవాలి. ‘పడిన డబ్బు మనదే’ అన్న ధైర్యంతో బిల్లు కూడా రాయనివాళ్లు అప్పుడేం చూపిస్తారు?

దీనికి చుట్టం లాంటి మోసం ఇంకొకటుంది. ‘అక్కా, 1,500 బదులు 15,000 కొట్టేశాను, మిగతాది ఈ వేరే నంబరుకు పంపండి, హాస్పిటల్లో ఉన్నాను’ అంటారు. చాలాసార్లు డబ్బే రాదు, వచ్చినట్టు ఒక దొంగ ఎస్సెమ్మెస్ మాత్రం వస్తుంది. అందుకే ముందు ఖాతా స్టేట్‌మెంట్ చూడాలి. డబ్బు నిజంగా వచ్చి ఉంటే ఇంకా ప్రమాదం. అది ఎవరి దగ్గరో దోచిన సొమ్మైతే, మన చేత్తో 13,500 పంపించేశాక కూడా మొత్తం 15,000 మీద హోల్డ్ పడవచ్చు. ‘మీ బ్యాంకులో పొరపాటు ట్రాన్స్‌ఫర్ అని ఫిర్యాదు పెట్టండి, నేను మా బ్యాంకుకు చెప్తాను’ అనాలి. నిజంగా పొరపాటు పడ్డవాళ్లు ఆ మాటకు కోప్పడరు.

ఇక ఓటీపీ. ఓటీపీ కొట్టి కట్టినప్పుడు ‘ఈ లావాదేవీ నేను చేయలేదు, నా కార్డు ఎవరో వాడారు’ అనే వాదన వస్తే ఆ నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదకే పోతుంది. మెసేజ్‌లో ఉన్న నిజం అంతే. ‘నేనే కట్టాను, కానీ వచ్చింది వేరే వస్తువు’ అన్నప్పుడు ఓటీపీ ఏం కాపాడుతుంది? కార్డుల్లో ఇలాంటి ఫిర్యాదుకు మామూలుగా 120 రోజుల గడువు ఉంటుంది.

ఇది మాకు చేదుగానే తెలిసొచ్చింది. వదిన దగ్గర ఒకావిడ పేమెంట్ లింకులో కార్డు మీద 7,400 కట్టి రెండు చీరలు తీసుకుంది. ‘ఫొటోలో నెమలికంఠం రంగు, వచ్చింది ముదురాకుపచ్చ’ అని బ్యాంకులో ఫిర్యాదు పెట్టింది. గేట్‌వే వాళ్ల (ఆ పేమెంట్ లింకు నడిపే కంపెనీ) మెయిల్ సంక్రాంతి వారంలో వచ్చింది. మేం అరిసెల హడావిడిలో ఉన్నాం, మెయిల్ ఎవరు చూస్తారు? కనుమ మర్నాడు చూస్తే జవాబు ఇచ్చే గడువు దాటిపోయింది. తర్వాత మాకు పంపాల్సిన డబ్బులోంచి 7,400 కోసేశారు, పైన వాళ్ల ఫీజు, దాని మీద జీఎస్టీ. అసలు బాధ ఏంటంటే, ఆవిడ కొనేముందు ‘ఎండలో ఒక వీడియో పంపండి’ అని అడిగింది, వదిన డాబా మీదకెళ్లి తీసి పంపింది, ఆవిడ ‘సూపర్, ఇదే ఫైనల్’ అంది. ఆ చాట్ మొత్తం ఫోన్లో భద్రంగా ఉంది. అడిగిన టైముకు పంపలేదు, అంతే.

‘నో రిటర్న్, నో రిఫండ్’ బోర్డుకు అంత బలం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో రాసిన గడువులో డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. బిల్లులో గడువే లేకపోతే 30 రోజులు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా పాడైన సరుకు, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకు వెనక్కి తీసుకోనంటే కుదరదంటాయి. ఎప్పుడో ఒకసారి పాత చీర అమ్ముకునేవాళ్ల సంగతి వేరు, వ్యాపారంగా చేసేవాళ్లు దీన్ని తప్పించుకోలేరు. అలాగని కొన్నవాళ్లు అడిగినప్పుడల్లా తలూపనక్కర్లేదు. సరుకు చెప్పినట్టే ఉండి, ‘మా అత్తగారికి నచ్చలేదు’ అంటే అక్కడ మీ షరతు నిలబడుతుంది.

అన్‌బాక్సింగ్ వీడియో ముక్క గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది తప్పనిసరి అని ఏ చట్టమూ చెప్పలేదు. ఉంటే మంచి రుజువు, అంతే. మన ప్యాకింగ్ వీడియో కూడా అంతే.

‘డెలివర్డ్’ అంటే పార్సిల్ చేరిందని. పార్సిల్లో ఏముందో ట్రాకింగ్ చెప్పదు. ఎవరి చేతికి చేరిందో కూడా సరిగా చెప్పదు. మాకొచ్చిన ఒక డెలివరీ రసీదు మీద సంతకం చోట కోడి గీకినట్టు ఒక గీత, పక్కన ‘సెల్ఫ్’ అని ఉంది. అమెరికాలోని మనవాళ్లకు పచ్చళ్లు, చీరలు పంపి పేపాల్‌లో డబ్బు తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పేపాల్‌లో ఫిర్యాదుకు 180 రోజుల వరకు టైముంటుంది. అమ్మేవాళ్లకు వాళ్లిచ్చే రక్షణ ‘వస్తువు రాలేదు’ అనే ఫిర్యాదుకు పనికొస్తుంది కానీ, ‘చెప్పినట్టు లేదు’ అనే ఫిర్యాదుకు పనికిరాదు. అదీ లావాదేవీలో ఉన్న అడ్రసుకే పంపితేనే. కట్టాక చాట్‌లో ‘మా కజిన్ ఇంటికి పంపేయండి’ అన్నారని వేరే అడ్రసుకు పంపితే ఆ కాస్త రక్షణా పోతుంది.

ఇప్పుడు వదిన చీర మడత విప్పి, అంచు, కొంగు, బ్లౌజు ముక్క చూపిస్తూ ఒకే వీడియోలో ప్యాక్ చేస్తుంది. కవరు మీద ఆర్డరు నంబరు, కొరియర్ కాటా మీద బరువు కూడా అందులోనే పడాలి. గేట్‌వే మెయిల్స్ నా ఫోనుకు కూడా వచ్చేట్టు పెట్టాం. పోస్టుల కింద ‘నో రిటర్న్’ తీసేసి ఇలా రాసింది: ‘డ్యామేజీ ఉన్నా, వేరే చీర వచ్చినా 7 రోజుల్లో ఫొటో పంపండి, మార్చి ఇస్తాం లేదా డబ్బు తిరిగి ఇస్తాం. రంగు మీద అనుమానముంటే కొనేముందే ఎండలో వీడియో అడగండి.’ అది పెట్టాక రెండు చీరలు వెనక్కి వచ్చాయి. రెండుసార్లూ కొన్నవాళ్లు బ్యాంకు దాకా వెళ్లకుండా ముందు వదినకే ఫోన్ చేశారు.