ట్యాంకు దొరికింది సరే, మెకానిక్ ఏడీ?

2022 మార్చిలో ఆ వీడియోలు చూడనివాళ్లు తక్కువ. ఉక్రెయిన్ రైతు ట్రాక్టరుకు తాడు కట్టి రష్యా సైనిక వాహనాన్ని పొలం గట్టు వెంట ఈడ్చుకుపోతుంటాడు. అందరం నవ్వుకున్నాం, పది మందికి పంపాం, మర్చిపోయాం. ఆ బండి తర్వాత ఏ షెడ్డుకు వెళ్లింది, ఎవరు విప్పారు, ఏ పార్టు మార్చారు అని అడిగినవాడు లేడు. నాకు ఆసక్తి ఉన్నది మాత్రం ఆ షెడ్డు మీదే.

శత్రువు వదిలి పారిపోయిన ట్యాంకెక్కి ఫొటో దిగడానికి ఐదు నిమిషాలు చాలు. అదే ట్యాంకును యుద్ధం అయ్యాక పదేళ్లు నడపాలంటే పూర్తిగా వేరే సరుకు కావాలి. దొరికిన ట్యాంకుల గురించి రాసేవాళ్లు ఫిరంగి ఎంత పొడవు, ఉక్కు ఎంత మందం అంటూ పేజీలు నింపుతారు. నన్నడిగితే దొరికిన ట్యాంకు సగం ట్యాంకే. మిగతా సగం వర్క్‌షాప్‌లో తయారవ్వాలి. వర్క్‌షాప్ లేని సైన్యానికి అది ఉచితంగా వచ్చిన తెల్ల ఏనుగు.

ఫ్రాన్స్ సంగతే చూడండి. 1940లో ఓడి, నాలుగేళ్లు జర్మన్ల కింద నలిగిన దేశం. యుద్ధం ముగిసేసరికి సొంతంగా చెప్పుకోదగ్గ ట్యాంకు లేదు. కానీ జర్మన్లు వెనక్కి పోతూ వదిలేసిన పాంథర్ ట్యాంకులు దేశమంతా పడి ఉన్నాయి. 45 టన్నుల బరువు, 75 మిల్లీమీటర్ల పొడవాటి ఫిరంగి, ముందువైపు ఏటవాలు కవచం. ఆ కాలంలో పాంథర్ పేరు చెబితే మిత్రపక్షాల ట్యాంకు సిబ్బందికి టెన్షన్ పట్టుకునేది. ఫ్రెంచివాళ్లు వాటిని ఏరుకొచ్చి, బాగుచేసి, ఓ యాభై దాకా మూర్మెలాన్‌లోని 503వ ట్యాంకు రెజిమెంట్‌కు ఇచ్చారు. 1940ల చివరి దాకా అవి ఫ్రెంచి గుర్తులతో తిరిగాయి.

తిరిగాయి అన్నాను గానీ, ఎంత దూరం తిరిగాయన్నదే అసలు ప్రశ్న. 1947లో ఫ్రెంచి యుద్ధ మంత్రిత్వ శాఖ పాంథర్ మీద ఒక నివేదిక తయారుచేసింది. ఆ ట్యాంకు మీద ఉన్న మోజంతా దిగిపోవాలంటే ఆ ఒక్క కాగితం చాలు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ట్రాకులకు అందించే చివరి గేర్ల పెట్టెను ఫైనల్ డ్రైవ్ అంటారు. పాంథర్‌లో దాని సగటు ఆయుష్షు 150 కిలోమీటర్లు! హైదరాబాద్‌లో బయలుదేరితే సూర్యాపేట దాటుతుంది, కోదాడ చేరదు. ఇంజిన్ సగటు ఆయుష్షు 1,000 కిలోమీటర్లని రాశారు. 1944లో నార్మండీలో వదిలేసి ఉన్న పాంథర్లలో దాదాపు సగం ఫైనల్ డ్రైవ్ విరిగినవేనని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే ఆ మహా ట్యాంకులను ఆపడంలో శత్రువు గుండుతో పాటు సొంత గేరు పళ్లకూ వాటా ఉంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ముందు అనుకున్న బరువు సుమారు 35 టన్నులు. కవచం పెంచండి, ఇంకా పెంచండి అని పైనుంచి ఒత్తిడి రావడంతో అది 45కు చేరింది. గేర్లు మాత్రం తక్కువ బరువుకు లెక్కగట్టినవే మిగిలాయి. అంతకంటే గట్టి రకం గేర్లు కోయడానికి కావలసిన యంత్రాలు యుద్ధంలో ఉన్న జర్మనీకి సరిపడా లేవు. ఫ్రాన్స్‌కు ఆ ట్యాంకుతో పాటు ఆ లోటు కూడా వారసత్వంగా వచ్చింది. పైగా స్పేర్లు చేసే కర్మాగారాలు బాంబులకు నేలమట్టమైన జర్మనీలో ఉన్నాయి. ఒక ట్యాంకు నడవాలంటే ఇంకో ట్యాంకును విప్పి పార్టులు పీక్కోవాలి. ఇలాంటి పని మన ఆర్టీసీ డిపోల్లో పాత బస్సులు చూసుకునే మెకానిక్‌లకు కొత్త కాదు.

అయినా ఫ్రాన్స్ తెలివి తక్కువది కాదు. ట్యాంకు నిలబడకపోయినా అందులో నేర్చుకోదగ్గది పట్టేసింది. పాంథర్ ఫిరంగి ఆధారంగా 75 మిల్లీమీటర్ల కొత్త ఫిరంగి చేసి, ఏఎంఎక్స్-13 అనే తేలికపాటి ట్యాంకుకు బిగించింది. అదే ఫిరంగిని ఇజ్రాయెల్ తన పాత అమెరికన్ షెర్మన్ ట్యాంకులకు తగిలించుకుంది. ఏఎంఎక్స్-13ను మన దేశమూ కొన్నది. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ వాడిన అమెరికన్ ప్యాటన్ ట్యాంకుల మీదికి వెళ్లిన మన దళాల్లో 8వ లైట్ కావల్రీ ఈ ట్యాంకులతోనే ఉంది. జర్మన్ ఆలోచన, ఫ్రెంచి పనితనం, మన జవాన్ల చేతులు. నార్మండీ పొలాల్లో తుక్కుగా పడిన ఇనుములోంచి ఇంత దూరం ప్రయాణం చేసింది ట్యాంకు కాదు, దాన్ని విప్పి చూసినవాడి బుర్ర.

సిరియా ఇంకో దారి పట్టింది. ఫ్రాన్స్, చెకోస్లొవేకియా, స్పెయిన్‌ల నుంచి జర్మన్ పాంజర్-4లు కొని గోలాన్ కొండల మీద పెట్టింది. ట్యాంకుల కంటే కదలని ఫిరంగులుగా వాటి వాడకం ఎక్కువ. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో ఆ కథ ముగిసింది. దాని గురించి ఎక్కువ చెప్పుకోవడానికి లేదు.

ఇజ్రాయెల్ దగ్గరే అసలు పాఠం ఉంది. అక్కడి రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, నేను మాట్లాడుతున్నది వర్క్‌షాప్ గురించి. 1967 యుద్ధంలో ఈజిప్టు, సిరియా సైన్యాలు వదిలేసిన సోవియట్ టి-54, టి-55 ట్యాంకులు వందల్లో వాళ్ల చేతికొచ్చాయి. వాటికి తిరాన్ అని పేరు పెట్టారు. మొదట్లో సోవియట్ 100 మిల్లీమీటర్ల ఫిరంగితోనే వాడారు. కానీ గుండ్లు ఎన్నాళ్లొస్తాయి? శత్రువు దగ్గర దొరికిన గుండ్లు అయిపోతే మళ్లీ శత్రువునే అడగలేం కదా. అందుకే ఫిరంగినే మార్చేశారు. తమ సెంచూరియన్, ప్యాటన్ ట్యాంకుల్లో వాడే 105 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు. రేడియోలు, మెషిన్‌గన్లు తమవి పెట్టారు. దాంతో ఒకే గుండు మూడు రకాల ట్యాంకులకు సరిపోయింది. 1973లో సినాయ్‌లో అవి యుద్ధానికి దిగాయి.

అంతటితో ఆపి ఉంటే కూడా మెచ్చుకోవచ్చు. వాళ్లు ఆపలేదు. ట్యాంకులుగా పాతబడ్డాక పైనున్న టరెట్, అంటే ఫిరంగి ఉండే తిరిగే గోపురాన్ని పీకేసి, సైనికులను మోసే బండిగా మార్చారు. దాని పేరు అచ్‌జారిత్. వినడానికి తేలిక. కానీ టి-55లో ఇంజిన్ వెనక ఉంటుంది, సైనికులు దిగాల్సిందీ వెనక నుంచే. మరి దారేది? చిన్న అమెరికన్ డీజిల్ ఇంజిన్ తెచ్చి అడ్డంగా ఒక పక్కకు జరిపి బిగించారు. రెండో పక్కన మనిషి దూరేంత సందు వచ్చింది. దాని చివర తలుపు పెట్టారు. సుమారు 36 టన్నుల ట్యాంకు 44 టన్నుల బండిగా మారి, సిబ్బంది ముగ్గురిని, వెనక ఇంకో ఏడుగురిని మోసింది. శత్రువు ట్యాంకును 20 ఏళ్ల తర్వాత ఇలా మళ్లీ పుట్టించాలంటే సైన్యంలో ముందు కావలసింది వెల్డర్లు.

దీనికి ఎదురు వాదన ఉంది, కాదనను. పేద దేశానికి ఏది దొరికితే అదే మేలు, ఫిన్లాండ్‌ను చూడండి అంటారు. నిజమే, సోవియట్ల దగ్గర పట్టుకున్న టి-34లను ఆ చిన్న దేశం 1960ల మొదటి వరకూ వాడుకుంది. కానీ ఈ ఉదాహరణ తెచ్చేవాళ్లు వర్కౌస్ ఊరి పేరు ఎత్తరు. ఫిన్లాండ్ ట్యాంకుల మరమ్మతు కేంద్రం అక్కడ ఉండేది. 1939-40 చలికాలపు యుద్ధంలో మంచులో దొరికిన ట్యాంకులు బాగుపడి తిరిగి రోడ్డెక్కింది అక్కడి నుంచే. అంటే ఆ ఉదాహరణ కూడా నా పక్షానే సాక్ష్యం చెబుతోంది.

ఇక మన దగ్గరికి వద్దాం. అసల్ ఉత్తర్‌లో 97 పాకిస్తాన్ ట్యాంకులు ధ్వంసమయ్యాయి లేదా దొరికాయి. వాటిని ఉంచిన చోటుకు ప్యాటన్ నగర్ అని పేరొచ్చింది. తర్వాత వాటిని దేశమంతా కంటోన్మెంట్ గేట్ల ముందు, పార్కుల్లో నిలబెట్టాం. అవి నడపకపోవడాన్ని నేను తప్పుపట్టను. అమెరికా స్పేర్లు ఇవ్వదు, ఆ 90 మిల్లీమీటర్ల గుండ్లు మన దగ్గర లేవు. నా బాధ వేరే. గేటు ముందు ప్యాటన్‌కు రంగులేస్తాం, పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటో తీస్తాం. మన సొంత మెకానిక్‌లు చేసిన పని మాత్రం ఎవరికీ తెలియదు. మన టి-55లకు కూడా 105 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు. ఇజ్రాయెల్ చేసింది గొప్ప అయితే ఇదీ గొప్పే. దీని మీద ఒక్క పండగ ప్రత్యేక సంచికలోనైనా వ్యాసం చదివారా?

సైన్యంలో ఈ పనంతా చూసే విభాగం ఈఎంఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్. 1943లో పుట్టింది. దాని కళాశాల ఎక్కడో ఢిల్లీలో లేదు, మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంది. హైదరాబాద్‌లో లక్షల మంది ఇంజినీర్లున్నారు, అందులో ఎందరికి ఈ సంగతి తెలుసో చెప్పండి. పక్కనే సంగారెడ్డి వైపు వెళ్తే ఎద్దుమైలారంలో బీఎంపీ-2 సాయుధ వాహనాలు తయారవుతాయి. అక్కడ రోజూ ఇనుము కోసేవాళ్లు, బిగించేవాళ్లు ఐటీఐ చదివినవాళ్లు. మన ఇళ్లలో ఐటీఐ అన్న మాట ఎప్పుడొస్తుంది? ‘సరిగ్గా చదవకపోతే నిన్ను ఐటీఐలో పడేస్తా’ అని బెదిరించేటప్పుడు. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి కోడ్ రాస్తాడంటే కుర్చీ వేస్తారు, గేర్‌బాక్స్ విప్పుతాడంటే మంచినీళ్లిచ్చి పంపుతారు. అర్జున్ ట్యాంకు మనదే అని ఛాతీ విరుచుకుంటాం, దాని ఇంజిన్ జర్మనీదని గుర్తుచేస్తే దేశద్రోహిలా చూస్తారు. ఇంజిన్ ఎందుకు చేసుకోలేకపోయామో తెలియాలంటే మంత్రిత్వ శాఖల ఫైళ్ల కన్నా ముందు మన డ్రాయింగ్ రూముల్లో వెతకాలి.

ఈ వ్యాసం చదివే తల్లిదండ్రుల్లో ఎంతమంది కొడుకునో కూతురినో ఫిట్టర్ పనికి పంపడానికి ఒప్పుకుంటారో నాకు తెలుసు. మా ఇంట్లో కూడా ఒప్పుకోలేదు. నేనూ పెద్దగా పట్టుబట్టలేదు.