పిచ్చోడే అనుకో, రసీదు ఇస్తే ఏం పోయింది?

పొద్దున్నుంచి అనంతపురం గ్రూపులన్నిట్లో ఒకటే వీడియో. ఏదో ఆఫీసు వరండాలో ఒక పెద్దాయన, చంకలో అర్జీల లావుపాటి ఫైలు. "నా వెనకాల ముఠా తిరగతాంది సార్, రోజుకో బండి మారుస్తారు" అంటాంటే వెనక నుంచి కిసకిసలు. కింద 'పెద్దాసుపత్రికి పంపండి' అని ఒకాయన కామెంటు. శభాష్, ఊళ్లో డాక్టర్లు ఎక్కువైపోయినారు.

నవ్వేది సీమోళ్లు కావడమే నాకు మంట. ఏ మలుపులో ఏ జీపు ఆగిందో చూసుకుని గడప దాటిన ఊళ్లు మనవి. పెళ్లికి పోవాలన్నా ముందు ఒకణ్ని పంపి దారి చూపించుకున్న తరం ఇంకా బతికే ఉంది. వెంటాడతాన్నారు అనే మాట ఇక్కడ జోకు ఎట్లయింది అప్పా?

ఆయన చెప్పేది నిజం కాకపోవచ్చు. నిజంగా వెంటపడేటోనికి మామూలుగా ఒక మొహం ఉంటుంది, పాత కక్షో తప్పిన పెళ్లో పొలం గట్టో ఏదో ఒక కారణం ఉంటుంది. పాలాయన, ఆటో డ్రైవరు, ఎదురింటి ముసలామె, టీవీలో వార్తలు చదివే పిల్ల అందరూ ఒకే ముఠా అనిపిస్తాంటే, నిద్ర కూడా పోయుంటే, అది డాక్టరు చూడాల్సిన సంగతి. ఇంట్లోవాళ్లు 'అదేం లేదు పో' అని కొట్లాడితే ముదురుతుంది, 'అవును, నేనూ చూసినా' అని తాళం వేస్తే ఇంకా ముదురుతుంది. ముఠా సంగతి పక్కన పెట్టి నిద్ర గురించి అడగండి, నిద్ర పేరు మీదే డాక్టరు దగ్గరికి తీసుకపోండి. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైను టెలి మానస్ 14416, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఎంతమంది ఫార్వర్డ్ చేసినారు, వీడియో ఎంతమంది చేసినారు?

ఈ భయం మీద బతికేటోళ్లు వేరే. దాచిన మైకులు, కెమెరాలు పట్టిస్తుందని 'బగ్ డిటెక్టర్' ఆన్‌లైన్లో అమ్ముతారు చూడండి, ఆ చవక డబ్బా వైఫై పెట్టె పక్కన పెట్టినా కూస్తుంది, పక్కనోళ్ల ఫోన్‌కు కాల్ వచ్చినా కూస్తుంది. కూసిన ప్రతిసారీ ఫైల్లో ఇంకో పేజీ. తాయెత్తులోళ్లు సరేసరి.

ఇంక నిజంగా వేధింపు ఉన్నోళ్ల గతి చూడండి. ఐపీసీ పోయి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్‌లో సెక్షన్ 78 అంటారు, పాత ఐపీసీలో 354డి. మగోడు ఆడమనిషి వెంటపడితేనే అది వర్తిస్తుంది. మొదటిసారి మూడేళ్ల దాకా శిక్ష, కానీ బెయిలబుల్. స్టేషన్లో ఆ మాట ముందే చెప్పి మనల్ని ఇంటికి పంపేస్తారు. మగాయన వెనకాల ఎవరన్నా పడితే ఆ సెక్షన్ పనికిరాదు, బెదిరిస్తే 351, దారికి అడ్డం నిలబడితే 126 చూసుకోవాల. అసలు చానా కేసుల్లో మనం యాడ పోతాన్నామో తెలిసేది బండితో కాదు, ఒక్క నిమిషం మన ఫోన్ చేతికి దొరికినోనితో. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, ఈ రెండూ ముందు చూడండి.

అర్జీ రాసేటోళ్లకూ ఒక మాట. ఎనభై పేజీలు ఎవడూ చదవడు. ఒక్క పేజీ, మూడే సంఘటనలు, ఒక్కోదానికి తేదీ, టైము, చోటు, బండి నంబరు. 'ఎప్పుడూ', 'అందరూ' అనే మాటలు కొట్టేయండి. అంగడి కెమెరాలో పడింటే ఆ రోజే కాపీ తీసుకోండి. కెమెరా బొమ్మలు దాచే డబ్బా, డీవీఆర్ అంటారు, దాని హార్డ్ డిస్క్ నిండితే, మామూలుగా 15, 30 రోజుల్లో, పాతదాని మీదే కొత్తది ఎక్కిస్తుంది. నెల తర్వాత పోలీసులు పోయి అడిగితే ఏముంటుంది, బూడిద. ఇంకోటి, డీవీఆర్ గడియారం చానాసార్లు తప్పే ఉంటుంది. దాని టైము, మీ ఫోన్ టైము రెండూ ఒకే ఫొటోలో పడేట్లు తీయండి. లేకుంటే 'ఆ టైముకు మావాడు కడపలో ఉన్నాడు' అంటారు, మీ సాక్ష్యం కథ ముగిసె.

ఇంతా చేసి తీసుకపోతే రసీదు ఇయ్యరు! అసలు రోగం ఇదే. దొంగతనమైనా, గట్టు తగాదా అయినా, పాసుపుస్తకంలో తప్పు పడినా 'పెట్టి పో, చూస్తాం'. వారానికి 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని మెసేజ్. ఎవరు పరిష్కరించినారు సామీ, యాడ? మామూలు మనిషికే ఇట్లయితే, ఊరంతా తన మీద కుట్ర చేస్తాందని నమ్మేటోనికి ఆ మెసేజ్ ఏమనిపించాల? ఆ కుట్రకు మీరే సాక్ష్యం అందిస్తాన్నారు కదా ఆఫీసర్లూ.

పోలీసు నేరుగా కేసు కట్టాల్సిన నేరమైతే, పాత సీఆర్‌పీసీ బదులొచ్చిన చట్టం బీఎన్ఎస్ఎస్ 173 కింద ఎఫ్ఐఆర్, కాపీ ఉచితం. అంత నేరం కాకపోతే 174 కింద రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరికి పొమ్మని చెప్పాల. స్టేషన్లో కాదంటే 173(4) ఉంది, ఎస్పీకి పోస్టులో పంపి, అక్కడా కదలకుంటే మేజిస్ట్రేటు. ఆ స్పీడ్ పోస్టు చీటీనే మీ రసీదు. తర్వాత పది రూపాయలతో ఆర్టీఐ వేయండి, జవాబుకు 30 రోజులు. నా అర్జీ ఎవరు చూసినారు, ఏ తేదీన, ఏం రాసినారు, కాపీ ఇయ్యండి అని. ఫైల్లో 'మతిస్థిమితం లేదు' అని రాసింటే, ఏ డాక్టరు కాగితం చూసి రాసినారో ఆ కాపీ కూడా అడగండి.